అర తాళం ఆలస్యం

ప్రార్థన మందిరంలో పాట మొదటి చరణం చివరిదాకా చక్కగా నడిచింది. అక్కడ మళ్లీ చెడింది.

అందరూ ఆపేశాక కూడా వెనక బెంచీ నుంచి ఒక బొంగురు గొంతు సాగుతూనే ఉంది.

పాటలు నేర్పే టీచరమ్మకు ఒళ్లు మండింది. తాళం వెంట్రుకవాసి తప్పినా ఊరుకునే మనిషి కాదామె.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆ వెనక బెంచీ పెద్దాయనను పట్టుకుంది.

“ఏమండీ, ప్రతి చరణం చివరా అలా సాగదీస్తారేం?”

“అలవాటైపోయిందమ్మా,” అన్నాడాయన నవ్వుతూ, చెప్పులు వెతుక్కుంటూ.

“మీ అలవాటుకి మా పాట బలి! మీరు నోరు మూసుకుంటే అదే దేవుడికి పెద్ద సేవ.”

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వు ఆగిపోయింది.

“సరేనమ్మా. ఇక పాడను.”

నోటికి కాపలా పెట్టుకోమని పాస్టరుగారు అరగంట కిందటే చెప్పారు. ప్రసంగం బాగుందని అందరికంటే ముందు మెచ్చుకున్నది టీచరమ్మే.

ఇంటికి వెళ్లే దారిలో ఆమె మనసు చివుక్కుమంది. తప్పే చేశాను అనుకుంది. వచ్చే ఆదివారం రెండు మంచి మాటలు చెప్పి సరిచేద్దాంలే అని సర్దుకుంది.

గురువారం మధ్యాహ్నం వృద్ధాశ్రమం నుంచి ఫోను.

“మీ అమ్మగారు మూడు రోజులుగా పళ్లు బిగబట్టి కూర్చున్నారు. చెంచా దగ్గరికి రానివ్వడం లేదు.”

టీచరమ్మ బడికి సెలవు చెప్పి పరుగెత్తింది. అమ్మకు మతి తప్పి రెండేళ్లు. కూతురు వచ్చినా కన్నెత్తి చూడలేదు.

“ఇన్నాళ్లూ ఎలా తింది మరి?” అని ఆయాను నిలదీసింది.

“ఎదురు మంచం ఆవిడ భర్త పాడుతూ తినిపించేవాడమ్మా. ఆవిడ పోయి ఏడాదైనా, మీ అమ్మగారి కోసం రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. మీరు వచ్చేది శనివారం సాయంత్రాలు కదా, ఎప్పుడూ ఎదురుపడలేదు. సోమవారం కూడా వచ్చాడు. చెంచా పట్టుకున్నాడు గానీ, పాట రాలేదు.”

టీచరమ్మ తల దించుకుంది. కన్నతల్లికి ఎవరు తినిపిస్తున్నారో కూడా తనకు తెలియదు.

“పాటే కదా, నేను పాడతాను.”

పాడింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అమ్మ నోరు తెరవలేదు.

మళ్లీ పాడింది. మూడోసారికి చెంచాలోది దుప్పటి మీద ఒలికింది.

ఆయా మెల్లగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“అంత గబగబా కాదమ్మా. ఆ పెద్దాయన ప్రతి చరణం చివరా, అమ్మగారు గుటక వేసేదాకా, ఆ బొంగురు గొంతుతో అలా సాగదీస్తూనే ఉండేవాడు.”