మూడో ప్రకటన

"ఈ పెండ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు పాస్టరయ్య.

పెళ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో చేసే ప్రకటన అది, ఇది మూడోది. ఊరికే అడుగుతారు తప్ప, ఎవరూ ఏమీ చెప్పరు. బీదర్‌లో ఆ సంగతి చర్చికి వచ్చే చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పాపం, గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయనకు తెలియదు. అడిగారు కదా అని లేచి నిలబడ్డాడు.

"నాకున్నదయ్యా" అన్నాడు చేతులు జోడించి.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ధోవతి, తలకు రుమాలు, నుదుట ఇంత బొట్టు. ఎన్నడూ ఎవరూ చూడని మనిషి.

ముందు వరుసలో కాబోయే పెళ్లికూతురు షెకినా దిగ్గున లేచింది.

మొదటి భర్త జాయ్ రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయిన రోజునే ఆమె బైబిలు మూసేసింది. దేవుడుంటే నాకీ గతి ఎందుకు పట్టిస్తాడని ఎవరు పిలిచినా చర్చికి రాలేదు. మేనమామ భీమప్ప సంఘ పెద్ద. ఆయన మాట కూడా వినలేదు.

అలాంటిది భీమప్ప ఇంట్లో ప్రార్థన కూటానికి సంజు వచ్చాడు. గాంధీ గంజ్ మార్కెట్‌లో పప్పుల లారీ నడుపుతాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నాడు. షెకినా కోసం మోకాళ్ల మీద పడి ఏడ్చి ప్రార్థన చేశాడు.

"నువ్వు రాకుంటె నేను గూడ చర్చికి పోను" అని ఆదివారం పూట ఆమె వాకిట్లో నిలబడిపోయాడు.

ఆ మనిషితోపాటే ఆమెకు దేవుడూ తిరిగి దొరికాడు. ఈ పెళ్లి నిలిస్తేనే తనకు మళ్లీ బతుకు.

పాత అత్త, జాయ్ తల్లి రాచమ్మకు మాత్రం కళ్లు మండాయి. "మూడో ప్రకటన ఎట్ల దాటుతదో నేను జూస్త" అని నల్లా దగ్గర అందరి ముందే శపథం చేసింది.

అందుకే ఇప్పుడు చర్చి అంతా ముసలాయన్ని వదిలేసి రాచమ్మ వైపు చూసింది.

"నా మొకం ఏం జూస్తరు? నేనెవర్నీ పంపలే! ఈయనెవరో నాకెర్కనే లేదు!"

ఎవరు నమ్ముతారు?

"ఏ సంఘం పెద్దాయనా నీది?" అడిగాడు పాస్టరయ్య.

"సంఘం గింఘం తెల్వదయ్యా. కమలనగర్ దిక్కు పల్లె మాది. గా బిడ్డతోని చాటుకు ఒక్క మాట చెప్పిపోత. నలుగుర్ల చెప్తె ఆమె ఇజ్జత్ పోతది."

"బొట్టు పెట్టుకొని మా పెండ్లికి అడ్డం జెప్తవా?" భీమప్ప ఒంటికాలి మీద లేచాడు. "సంఘంల లేనోని మాట చెల్లది పాస్టరయ్యా. కానియ్యుండ్రి!"

షెకినా విసవిసా వెనక్కి నడిచింది.

"ఏం ఆశ పెట్టింది మా అత్త నీకు?"

"మీ అత్త ఎవరో నాకు తెల్వదు బిడ్డా. జర బైటికి రా, చెప్త."

"నా కొంప కూలగొట్టనీకి వచ్చినవు, థూ! నీకు ఆడిపిల్ల ఉంటె మొగడు లేక ఏడ్వాలె. అప్పుడు తెలుస్తది నా బాధ!"

ముసలాయన రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

భీమప్ప ఆయన మెడ పట్టి బయటికి నెట్టాడు. మెట్ల మీది నుంచి పడ్డాడు ముసలాయన. లేవబోయాడు, లేవలేకపోయాడు. లోపల పాట అందుకున్నారు. అభ్యంతరాలేమీ లేవని పాస్టరయ్య ప్రకటించాడు. ఎవరో పుణ్యాత్ముడు ముసలాయన్ని ఆటోలో వేసి బస్టాండుకు పంపించాడు.

సంజు లాతూరు లోడుకు వెళ్లి ఆ పూట లేడు. సాయంత్రం వచ్చి అంతా విన్నాడు.

"మంచి పని జేసిండ్రు" అన్నాడు.

పెళ్లి ఘనంగా జరిగింది. తర్వాతి ఆదివారం షెకినా సాక్ష్యం చెప్పింది.

"నా పెండ్లి ఆపనీకి సాతానుగాడు ముసలోని రూపంల వచ్చిండు. నా దేవుడు వాణ్ని మెట్ల మీద పడగొట్టిండు!"

అందరూ ఆమెన్ అన్నారు. సంజు ఇంకా గట్టిగా అన్నాడు. రాచమ్మకు ఆ రోజు నుంచి వందనాలు చెప్పేవాళ్లే లేరు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, సంజు లోడుకు వెళ్లినప్పుడు, చంకలో పిల్లతో ఒకామె గుమ్మం ముందు నిలబడింది.

"సంజు ఇల్లు ఇదేనా అక్కా?"

"ఆఁ, ఇదే. నేను ఆయన భార్యను. ఎవరమ్మా నువ్వు?"

ఆమె ఒక్క క్షణం షెకినా ముఖంలోకి చూసింది.

"నా పేరు యశోద. మా నాయిన సచ్చిపోయిండు. తుంటి ఇరిగి మంచంల వడ్డడు, మల్ల లేవలే. దినాలకు సంజును పిలుచుకరమ్మని మా కులపోళ్లు పంపిండ్రు."

"అయ్యో! మరి సంజు ఎందుకు? మీ నాయినకు ఏమైతడు?"

"అల్లుడైతడు."

చంకలో పిల్ల సంజు లాగే కనుబొమలు ముడిచి చూస్తోంది. షెకినా గుమ్మం పట్టుకుంది. ఆ బొట్టు, ఆ రుమాలు, మెట్ల మీద లేవబోయి లేవలేకపోయిన ఆ మనిషి కళ్ల ముందు మెదిలాడు.

"ఆ దినం... అల్లుణ్ని తోల్కపోనీకి వచ్చిండా మీ నాయిన?"

"లేదక్కా, నా బతుకెట్లాగూ ఆగమైంది, ఇంకో ఆడిబిడ్డ ఆగం గావద్దని నీకు చెప్పిపోనీకి వచ్చిండు."