అందుకునే చోటు

“గా ‘వెళ్లిపోయావా’ అన్న మాట తీసెయ్ బిడ్డా,” అన్నాడు పాట చేయించుకోవడానికొచ్చిన రాజనర్సయ్య, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెడుతూ.

సుమశ్రీకి ఒళ్లు మండింది. యాది పాటకి ప్రాణమే ఆ మాట! మైత్రీవనం వెనక సందులో, ఓ కోచింగ్ సెంటర్ నెత్తిన ఉన్న ఆ ఇరుకు రికార్డింగ్ గదిలో తయారయ్యేవన్నీ అవే. ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దకర్మ నాడు వినిపించడానికి పేరూ ఫొటో తెచ్చిస్తారు. ట్యూను ముందే ఉంటుంది, ఏడుపూ ముందే ఉంటుంది, పేరొక్కటి మారిస్తే సరి. సినిమాలకి రాద్దామని భీమవరం నుంచి వచ్చి, పంజాగుట్టలో ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగిన సుమశ్రీ, ఇప్పుడు పోయినవాళ్ల పేర్లకి ప్రాసలు వెతుక్కుంటోంది. ఏం చేస్తుంది, ఖర్మ!

“అది తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ? జనం ఏడ్చేదే అక్కడ,” అంది.

“ఏడ్సుడెందుకు? పాడాలె.”

కీబోర్డు ముందున్న ప్రవీణ్ నవ్వాడు. ఆ గది అతనిదే, పాడే గొంతూ అతనిదే. “గిప్పుడు ఎవలు పాడుతుండ్రు కాకా? పాట ఇంటరు, స్టేటస్ పెట్టుకుంటరు, ఖతం.”

రాజనర్సయ్యని చూస్తే సుమశ్రీకి పాపం అనిపించింది. భార్య మంగవ్వ పోయిందని ఇంకా ఒప్పుకోలేకపోతున్నాడు కాబోలు అనుకుంది.

“పోనీ, మంగవ్వగారి గురించి ఇంకేమైనా చెప్పండి. ఎన్నాళ్లయింది?”

“ఒక్కపారే పోతె ఏడ్సి ఊకుందును బిడ్డా. రోజింత జర జర పోయింది. నా కండ్ల ముంగటనే.”

ఏ క్యాన్సరో అయుంటుంది. సుమశ్రీ ఇక రెట్టించలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు.

“సనత్‌నగర్ల మందుల ఫ్యాక్టరీ ఉండె. సీసాలకు చీటీలు అంటిచ్చేది. మంగవ్వ ఒక మాట ఎత్తుకుంటె బెంచీకి రెండు దిక్కుల ఉన్నోళ్లందరు అందుకునేటోళ్లు. సూపర్‌వైజర్ తిట్టినా పాటే, చాయ్ సల్లారినా పాటే.”

“ఎవరు రాసేవాళ్లు?”

“రాసుడేంది? నోట్లకెల్లి ఎల్లేది! ఒకామె మాట ఏస్తె ఇంకొకామె ఇంకో మాట కలిపేది. ఇంటికొచ్చే తొవ్వల సుత గదే పాట. నా లేతు మిషిన్ మోతల కూడ ఇనబడేది.” ముసలాయన మొహం కాస్త వెలిగి, మళ్లీ మాసిపోయింది. “గిప్పుడు మా మనుమరాలు పింకీ చెవులల్ల గవేందో వెట్టుకొని తన పాట తాను ఇంటది. మా కొడుకు కార్ల ఆని పాట ఆడు ఇంటడు. ఇంట్ల ఒక్కల పాట ఇంకొకలకు ఎరుక లేదు.”

“ఇప్పుడేం చేద్దామంటారు?”

“ఒక మాట మీరు పాడున్రి. ఎన్క జాగ ఇడువున్రి. ఇనేటోళ్లు అందుకోవాలె.”

“నడుమ సప్పుడు లేకుంటే అయిపోయిందనుకొని తీసేస్తరు కాకా,” అన్నాడు ప్రవీణ్.

“తీసేసేటోళ్ల కొరకు కాదు కొడుకా గిది. ఒక్కలందుకుంటె సాలు.”

దాంతో రెడీమేడ్ ట్యూను మూలపడింది. రాజనర్సయ్య వణికే గొంతుతో పాత వరస అందించాడు. సుమశ్రీ ఓ మాట వేసింది. ఆయన దాన్ని తమ యాసలోకి తిప్పి ఇంకోటి కలిపాడు. ప్రవీణ్ మిషను డప్పులు ఆపేసి బల్ల మీద దరువేయడం మొదలుపెట్టాడు.

“సీస సీసకు చీటి వెట్టిన సెయ్యెవలిదే?
గల్లి గల్లిని లేపుకొచ్చిన గొంతెవలిదే?”

ప్రతి ప్రశ్న వెనకా ‘మంగవ్వదే’ అని ముగ్గురూ గొంతు కలిపారు. రికార్డు చేసేటప్పుడు మాత్రం మొదట ఒక్కసారి ‘మంగవ్వ యాదిల’ అని పాడి, ప్రశ్నల వెనక ఆ చోటు ఖాళీగా వదిలేశారు. ఈ ఊరొచ్చాక సుమశ్రీకి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఒకరి చావు పాటకి తను మురిసిపోవడమేంటని వెంటనే సిగ్గేసింది.

“ఫోన్ల జర్రంత ఇనబడుతది. పెద్ద స్పీకర్ తెచ్చి ఒక్కపారి ఇంటికాడ పెడుతవా బిడ్డా?” అని అడిగాడాయన. కాదనలేకపోయింది. స్పీకరు ఒళ్లో పెట్టుకుని, ఆయనతో ఆటోలో ఎస్.ఆర్. నగర్ వెళ్లింది.

ఇంటి ముందు టెంటు లేదు. లోపల దండేసిన ఫొటో లేదు, చుట్టాల్లేరు. ముందు గదిలో మంచం మీద ఓ ముసలావిడ తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది. ఆయన అక్కగారేమో అనుకుని సుమశ్రీ నమస్కారం పెట్టింది. ఆవిడ మర్యాదగా తల ఊపింది.

“జనం ఇంకా రాలేదాండీ?”

“వచ్చేటోళ్లు ఎవలు లేరు. పెట్టు.”

‘మంగవ్వ యాదిల’ అంటూ పాట మొదలైంది. సెయ్యెవలిదే అని ప్రవీణ్ గొంతు అడిగి ఆగింది. సుమశ్రీ అందుకోబోతే రాజనర్సయ్య వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనా నోరు విప్పలేదు. గొంతెవలిదే అని అడిగినా అంతే. అడిగిన ప్రతిసారీ ఫ్యాను చప్పుడొక్కటే వినబడింది. సుమశ్రీకి గుండె తరుక్కుపోయింది. తన పాట ఎవరి నోటికీ అందలేదు.

పాట అయిపోయింది. ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“మస్తు మంచిదున్నట్టుంది పాపం,” అంది రాజనర్సయ్యతో. “ఎవలయ్యా గా మంగవ్వ? ఎప్పుడు సచ్చిపోయింది?”

రాజనర్సయ్య వంగి స్పీకరు ఆపేశాడు.

“నువ్వేనే, మంగవ్వా.”