ఇరవయ్యో టూరిస్టు

“మేకపోతును రాయకుంటే నా పేరు గూడ రాయకు!”

డీసీఎం వ్యాను వెనక భాగంలో నిలబడి రేకు మీద చెయ్యి కొట్టి మరీ చెప్పింది సక్కుబాయి. కింద రోడ్డు మీద నీరజ ట్యాబ్‌లో బండెక్కినవాళ్ల లెక్క రాసుకుంటోంది.

సూర్యాపేట దాటి మిర్యాలగూడ రోడ్డెక్కే చోట, టీ కొట్టు ముందు ఆగిన బండి అది. తిరుమలగిరి పక్క తండా నుంచి నాగార్జున సాగర్ పోతోంది. గుట్ట మీద అమ్మవారికి మొక్కు, తర్వాత డ్యాము చూసుడు. డ్రైవర్ రాజు కాక లోపల ఇరవై మంది మనుషులు, మెడలో బంతిపూల దండతో ఒక మేకపోతు.

“అవ్వా, ఇది టూరిస్టుల పొగ లెక్క. యాత్రలు చేసేటోళ్ల వల్ల దేశం మొత్తం మీద ఎంత పొగ గాలిల కలుస్తదో సర్వే చేస్తున్నం. బండి ఎంత డీజిల్ తాగింది, ఎంతమంది ఎక్కిన్రు, ఏం తిన్నరు, గవే రాసేది. మేకను ఎట్ల రాయాలె?”

“ఎందుకు రాయవు? అది గూడ బండెక్కింది. నాకంటె ఎక్కువ జాగ తీసుకున్నది. దాని బరువుకు డీజిల్ కాలదా?”

లోపలివాళ్లు గొల్లున నవ్వారు. మూలకు గొంగడి ముసుగేసుకొని కూర్చున్న సక్కుబాయి భర్త దస్రు మాత్రం చేతిలోని బీడీని మెల్లగా వెనక్కి దాచాడు.

“బిడ్డా, బీడీ పొగ గూడ రాస్తవా?”

“దానికి కాలమ్ లేదు తాతా.”

“బతికిచ్చినవ్. మరి టూరిస్టు అంటె ఎవలు? గది చెప్పు.”

ట్రైనింగ్‌లో విన్నదాన్ని నీరజ విన్నట్టే అప్పజెప్పింది. “సొంతూరు దాటి పోయి, నాలుగు జాగలు సూసి, మళ్ల ఇంటికి తిరిగొచ్చేటోళ్లు. తిరిగి రానోళ్లు టూరిస్టులు కారు.”

“పోతు గూడ తిరిగొస్తది మేడమ్, మా కడుపులల్ల!” అన్నాడు రాజు.

“అందుకే దాన్ని తిండి కాలమ్‌ల రాసిన. మాంసం, పన్నెండు కిలోలు.”

“అయ్యో, దాని ముందల్నే అంటున్నవ్!” దస్రు గబుక్కున పోతు రెండు చెవులూ మూశాడు. “ఇంక జడ్తన్న ఇయ్యలె గద!”

తల మీద నీళ్లు పోస్తే మేక ఒళ్లు దులపాలి. అదే జడ్త. దులిపితేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. లేకపోతే కత్తి ఎత్తరు.

“ఇయ్యక యాడికి పోతది?” అంది సక్కుబాయి. “రెండు బిందెలు పోస్తె అదే దులుపుతది.”

అంతలో నీరజ ఫోన్ మోగింది. కోదాడ ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ సుధీర్. ఆయన గొంతు బండిలో చివరి మనిషికి కూడా వినిపించింది.

“ఏమ్మా నీరజా, నిన్నటి ఫారాలు మళ్లీ మూడు తిరిగొచ్చాయి. వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు లెక్క కలవకపోతే ట్యాబ్ తీసుకోదని ఎన్నిసార్లు చెప్పాలి? ఇంకొక్కటి తప్పిందంటే రేపు ట్యాబ్ తెచ్చి ఇక్కడ ఇచ్చెయ్. ఇంక నా చేతుల్లో ఏం లేదు.”

సక్కుబాయి కొట్లాట మరిచిపోయింది. “నౌకరీ పోతదా బిడ్డా?”

“పోతది అవ్వా. ఎంతమంది పోతె అంతమందే రావాలె. ఎవరన్న మిర్యాలగూడల చుట్టాలింటికాడ దిగిన్రంటే నా పని ఖతం.”

“ఎవ్వరు దిగరు. ఇరవై మందిమి పోతున్నం, ఇరవై మందిమి నీ ముంగటికి వస్తం. రాజూ, ఇన్నవా? తలకాయలు లెక్కపెట్టినంకనే బండి తియ్యాలె!”

“తల మీద చెయ్యి పెట్టి లెక్కపెడత,” అన్నాడు రాజు.

నీరజ తన నంబరు రాసిన చీటీ అందరికీ తలా ఒకటి పంచింది. బండి కదిలింది.

పొద్దు గూకే వేళకు డీసీఎం వచ్చి టీ కొట్టు ముందు ఆగింది. నీరజ ఉరికింది.

“లెక్క సరిపోయిందా రాజన్నా?”

“సరిగ్గ ఇరవై! సాగర్‌ల వాన పడుతుంటె అందరు పట్టా కిందికి దూరిన్రు. నేను చెయ్యి లోపల పెట్టి ఒక్కొక్క తల తడిమి లెక్కపెట్టిన. పొద్దటిసంది నేను బండి దగ్గరనే కావలున్న. గుట్ట మీదికెల్లి నాకు పప్పన్నమే పంపిన్రు సూడు! ఒక్క ముక్కన్న మిగల్చలె!”

నీరజ పట్టా అంచు ఎత్తి చూసింది. ఆడి ఆడి అలిసి అందరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. సక్కుబాయి గురక పెడుతోంది. మూలకు అదే గొంగడి, అదే ముసుగు. తాతకు చలి పెట్టినట్టుంది అనుకుంది.

పోయినవాళ్లు ఇరవై. వచ్చినవాళ్లు ఇరవై. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. ట్యాబ్ మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

“తీసుకున్నది!” అని చిన్నపిల్లలా ఎగిరి, రాజుకు స్పెషల్ టీ చెప్పింది. టీ వచ్చేలోపే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“బిడ్డా, నేను దస్రును. బీడీలకని దిగిన, వచ్చేవరకు బండి లేదు. సాగర్‌ల హోటలాయన ఫోన్ తీసుకొని మాట్లాడుతున్న.”

నీరజ గిరుక్కున బండి వైపు తిరిగింది. “తాతా! మరి గీడ నీ గొంగడి కప్పుకున్నది ఎవరు?”

“ఎన్ని బిందెలు పోసినా జడ్త ఇయ్యలె బిడ్డా, పాపం తడిసిందని నేనే కప్పిన. నువ్వేం పరేషాన్ గాకు, నీ లెక్క తప్పలె. తిరిగొచ్చినోడే టూరిస్టు అంటివి గదా, నా పేరు కొట్టేసి పోతు పేరు రాసుకో!”