పాలమ్మ రొద

బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు పాలమ్మ అనే యంత్రం ఉంటుంది. తల్లి పాలచుక్క రుచి చూసి, బాగుంటే పచ్చదీపం వెలిగిస్తుంది. లేకపోతే ఎర్రదీపం వెలిగించి, జుమ్మని సన్నగా రొదచేస్తూ తన పాలే బిడ్డకు పడుతుంది.

రొమ్ము గడ్డకట్టి ఘాటైన మందులు మొదలైనప్పటి నుంచి తన్మయికి ఎర్రదీపమే. పిండిన పాలను ఎవరూ తొక్కకూడదని కరివేపాకు కుండీలో పోసేది. భర్త డ్యూటీకి వెళ్తే ఇంట్లో వినిపించేది ఆ రొదొక్కటే.

మందులు ఆపేశాక, ఈ ఉదయం పచ్చదీపం వెలిగింది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, పచ్చదీపం వచ్చిందే."

"మరి నాకు ఫోనెందుకే? ముందు వాడికి పాలియ్యి. వెల్లుల్లి కారం మాత్రం మానకు."

పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకుంది. వాడు మొహం తిప్పుకుని ఏడ్చాడు. కడుపుతో ఉన్నప్పుడు నేర్చుకున్న జోలపాట పాడింది. వాడి చూపు యంత్రం వైపే ఉంది. పాలు వాడి బుగ్గ మీద కారిపోతున్నాయి.

ఇంట్లో ఎవరూ లేకపోయినా సిగ్గుపడుతూ చుట్టూ చూసింది. తర్వాత పెదాలు బిగించి, అచ్చం పాలమ్మలాగే జుమ్మని రొదచేసింది.

వాడు ఏడుపాపి నోరు తెరిచాడు.

తాగినంతసేపూ తన్మయి ఆ రొద ఆపలేదు, ఆపితే వదిలేస్తాడేమోనని.