అమావాస్య అంటే

"తెర వెనక్కి పోవే, అమావాస్యా! గంట కొట్టేశారు," అంది అక్క, అద్దంలో పెదవుల రంగు దిద్దుకుంటూ. గాయనిగా ఊరూవాడా మోగే పేరు అక్కది. ఆ గొంతు మాత్రం తెర వెనక దాక్కుని పాడే చెల్లెలిది.

చెల్లెలు కదల్లేదు. "ఆ మాటకి అర్థం తెలుసా అక్కా?"

"తెలియకేం? నీ మొహంలాంటి చీకటి."

"కాదు. అమా అంటే కలిసి, వాస్య అంటే ఉండటం. సూర్యుడితో కలిసి ఉంటాడు కాబట్టే ఆ రోజు చంద్రుడు ఎవరికీ కనబడడు."

"చూశావా, నా పక్కన పడి ఉండటమే నీ రాత! నోరు మూసుకుని మైకు పట్టుకో."

"కనబడాలంటే ఏం చెయ్యాలో కూడా విను. దూరం జరగాలి."

చెల్లెలు మైకు బల్ల మీద పెట్టి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

"ఎక్కడికి పోతుందిలే, పొగరుబోతు!" పళ్ళు నూరుతూ అక్క వేదికెక్కింది. అలిగినా, పాట అందుకునే వేళకి తెర వెనక్కి చేరడం దానికి మామూలే.

తెర లేచింది. వాయిద్యాలు మొదలయ్యాయి. అక్క అలవాటుగా పెదవులు కదిపింది.

పాట రాలేదు.

మొదటి వరుసలో, దీపాల వెలుగు నిండుగా పడేచోట, చెల్లెలు కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"గట్టిగా పాడక్కా! ఇక్కడికి వినబడటం లేదు."