ఆకుపచ్చ బటన్

లాబె నది ఒడ్డున రంగుల ఫ్యాక్టరీలో ట్యాంకులో సరుకు కలిపే కవ్వం ఆగిపోయింది. లుద్విక్ ఆకుపచ్చ బటన్ నొక్కబోతే బ్లాజెనా పానాతో అతని చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"పిచ్చి పట్టిందా, ఇంజనీరమ్మా? ఆగిన కవ్వం తిప్పొద్దూ? మీ నాన్నలా బటన్ నొక్కడం ఆలస్యం చేసి ట్యాంకు పేల్చుకోమంటావా?"

ఎడమ చేత్తో ఆమె తలని రెయిలింగుకేసి కొట్టి, మళ్ళీ బటన్ మీదికి వంగాడు. ఆమె అతని మణికట్టు కొరికి, పక్కకి తోసేసి, ట్యాంకు అడుగు వాల్వు తిప్పింది. సరుకంతా కిందున్న నీళ్ళ గుంటలోకి ఉరికింది. నేల అదిరి, ఆగింది.

"కవ్వం ఆగినా యాసిడ్ పడుతూనే ఉంది, బాబాయ్. అడుగున పేరుకుంది. ల్యాబులో అయితే గాజు కుప్పెడు సరుకే కాబట్టి మళ్ళీ తిప్పినా వేడి బయటికి పోతుంది. ఇంత ట్యాంకులో పోదు. అంతా ఒక్కసారిగా కలిస్తే మనం మిగలం."

లుద్విక్ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "మరి మీ నాన్న..."

బ్లాజెనా నోట్లోని రక్తం ఉమ్మింది.

"నాన్న ఆలస్యం చెయ్యలేదు. శవపెట్టెలో పెట్టేటప్పుడు చూశాను. ఆయన వేలికి ఆకుపచ్చ ప్లాస్టిక్ కరిగి అంటుకుని ఉంది."