టేకాకు శాలువా

వానలు ముంచుకొచ్చేనాటికి ఉడుత తొర్రలో ఉన్నవి నలభై వేరుశనగకాయలు. రోజుకు రెండు చొప్పున ఇరవై రోజులకే సరి. ముసురు అరవై రోజులుంటుంది. ఇంకా ఎనభై కావాలి.

ఉడుత బాగా ఆలోచించి గాడిదకు టేకాకు శాలువా కప్పింది. "సంగీత సాగర" అని బిరుదిచ్చింది. గాడిద మురిసిపోయి ఇరవై కాయలు తెచ్చిచ్చింది. నక్క "సత్యవ్రత" అయింది, కొంగ "మత్స్యబంధు" అయింది. అవీ తలా ఇరవై ఇచ్చాయి.

ఆనాటి నుంచి బిరుదు లేకుండా పిలిస్తే ఆ ముగ్గురూ పలకడం మానేశారు.

ఒక పొద్దున కుందేలు రొప్పుతూ వచ్చి, "గాడిద మామా, పులి!" అంది. గాడిద తలైనా తిప్పలేదు. "అయ్యా, సంగీత సాగర, శ్రీ గార్దభ మహాశయా..." అని కుందేలు మళ్ళీ మొదలుపెట్టేలోపే పులి పంజా పడింది. తోక కుచ్చు దానికి వదిలేసి గాడిద బతికి బయటపడింది.

నేరుగా ఉడుత దగ్గరికొచ్చి, "అల్లుడూ, నీ బిరుదు నువ్వు తీసుకో," అంది.

"అలాగే మామా. ఇవ్వడానికి ఇరవై, తీయడానికి నలభై."

"ఉత్త గాడిదనవడానికి అంత ఖరీదా?"

"ఉత్తగా ఉండటం తేలికనుకున్నావా మామా?"

గాడిద నలభై తెచ్చిచ్చింది. వానలకు పోను ఇరవై మిగులు. అక్కడితో ఆగొచ్చు. కానీ బిరుదులున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, పులి తరచుగా తిరిగితే వాళ్ళూ వస్తారు.

ఉడుత అడవిలోకెల్లా పెద్ద టేకాకు కోసి భుజాన వేసుకుంది. "అహింసామూర్తి" అని పలికి చూసుకుంటూ పులి గుహ వైపు నడిచింది.